పెంకుల సంగతి

ఒరేయ్ బావా,

దసరాకి రాయాల్సిన ఉత్తరం సంక్రాంతి దాటాక రాస్తున్నాను, తిట్టుకో. అమ్మ బాగుంది. కొబ్బరి రేటు బాగాలేదు. పెద్దాడు ఇంటర్ చదువుతున్నాడు, అంటే పుస్తకం ముందు కూర్చుంటున్నాడు. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది.

మన కరాటే మాస్టారు కనుమనాడు తీర్థంలో స్టేజీ ఎక్కారు! నవ్వకు. పిల్లలచేత పెంకులు పగలగొట్టించమని, చేతులమీంచి మోటారుసైకిలు పోనివ్వమని కమిటీవాళ్ళు ఒకటే పోరు. "కటా చేయిస్తాను, ఇష్టమైతే పిలవండి" అన్నారట ఈయన. అదే, ఎదురుగా మనిషి లేకుండానే గుద్దులూ కాచుకోవడాలూ ఒక వరసలో చేసి చూపడం. సరేనన్నారు గానీ, ఎందుకైనా మంచిదని పెంకులు తెచ్చి స్టేజీ పక్కన పేర్చారు.

మన మొదటి కటా, హెయాన్ షోదాన్ మొదలైంది. మిల్లు కళ్ళంలో అరికాళ్ళు కాలిపోతుంటే మనం చేసిందే. ఎడమకి తిరిగి కింది దెబ్బ కాచుకోవడం, అడుగు ముందుకేసి గుద్దు. నీ 'గేదె మలుపు' దగ్గర మా చిన్నది కూడా తప్పు కాలే వేసిందిరా! జనంలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. వెనకనుంచి ఎవరో "ఎవర్నో ఒకర్ని కొట్టండ్రా" అని అరిచారు.

మాస్టారు మైకందుకున్నారు. జపానులో ఒకినావా దీవి బడిపంతులు ఫునకోషి 1922లో టోక్యో వెళ్ళి ఈ విద్య చూపించాడని, మొదటి దెబ్బ మనది కాకూడదని ఆయన నేర్పాడని, అందుకే ఈ కటా కాచుకోవడంతో మొదలవుతుందని చెప్పారు. మనకి అరిగిపోయిన పాఠమే. అయినా ఎందుకో... 1996 నవంబరు తుపానుకి షెడ్డు రేకులు ఎగిరిపోతే క్లాసు మానిపించారా? బెల్టులతోనే వీధిలోకి తోలి, పడ్డ కొబ్బరిచెట్లు లాగించారు. ఎంత తిట్టుకున్నాం! సరే, వదిలెయ్.

కమిటీ పెద్దాయనకి పరువు సమస్యయిపోయింది. పట్టుపంచె ఎగ్గట్టి, తనే ఎక్కి, "హా!" అని పెంకుల మీద ఒక్కటిచ్చాడు. పై పెంకు కూడా చెక్కుచెదర్లేదు. చెయ్యి మాత్రం బూరెలా పొంగింది. మాస్టారు సోడాబండి నుంచి ఐసు తెప్పించి, తువ్వాల్లో చుట్టి, పక్కన కూర్చుని అద్దారు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. వాపు కాస్త తగ్గాక మెల్లిగా, "ఆ పెంకులు మీకింకెందుకండీ? మా షెడ్డు కారిపోతోంది" అన్నారు!

పెద్దాయన కాదనలేకపోయాడు. నిన్ననే ఎక్కించాం. నువ్వెప్పుడూ తడిసే ఆ మూలే ముందు నేయించాను, అన్నట్టు నీ బ్రౌన్ బెల్టు ఇంకా మాస్టారింట్లో... ఇదుగో, ఉత్తరం పట్టుకెళ్ళేవాడు హారన్ కొట్టేస్తున్నాడు, సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు వెళ్ళిపోతుందట. మిగతాది మళ్ళీ రాస్తాను.

నీ బావ