మోటుపల్లి శాసనం నల్లగొండ పిల్లలకూ చేరాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మా బడి పిల్లలను నకిరేకల్ దగ్గరి చందుపట్లకు తీసుకుపోయి, రాణి రుద్రమదేవి శివసాయుజ్యం పొందిన సంగతి తెలిపే 1289 నాటి శాసనాన్ని చూపించాను. ఆ రాణి ఏలుబడిలో గొప్ప ఓడరేవు ఉండేదని చెప్పగానే ఎనిమిదో తరగతి అమ్మాయి "మనకు సముద్రం లేదు గద సార్" అన్నది. తప్పు ఆ పాపది కాదు, మేము చెప్పకపోవడమే తప్పు.

చీరాలకు చేరువలోని మోటుపల్లే ఆ రేవు. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయ శాసనాన్ని ప్రతి తెలుగు విద్యార్థీ చదవాలని నా కోరిక. గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందరి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకొని సముద్రానికి తెగించే వర్తకుల మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నానని గణపతిదేవుడు రాతి మీద మాట ఇచ్చాడు. సుంకం ముప్పై పాళ్లకు ఒక పాలు. గంధం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, ఇలా ఏ సరుకు మీద ఎంతో కూడా అందులోనే చెక్కించాడు. ఓరుగల్లులో కూర్చున్న రాజుకు తుఫానులో చిక్కిన నావికుడి కష్టం తెలుసు. ఈ రేవునే మార్కో పోలో ముత్ఫిలి అన్నాడు, అక్కడి వజ్రాలనూ సాలెగూడంత సన్నని బట్టలనూ, న్యాయంగా ఏలే రాణినీ మెచ్చుకున్నాడు.

రాజులతో పాటు పడవవాళ్లనూ తలచుకోవాలి. కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో, పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసేవి. కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన పడవల మీద బెస్తలు అలలను దాటించి సరుకు చేర్చేవారు. మేకు లేని ఆ పడవ అల తాకితే విరగదు, వంగుతుంది.

సముద్రం మన మగ్గాల దాకా కూడా వచ్చింది. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి), ఎరుపు, నలుపు రంగులద్ది నేసే తేలియా రుమాలు ఒకప్పుడు చీరాల వైపు నుంచి ఓడలెక్కి అరబ్బుల తలపాగా అయింది. ఆ పనితనాన్ని మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాళ్లు ఇప్పటికీ నిలుపుతున్నారు, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కొత్త రుమాలును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ నూనె వాసన ఇంకా వస్తుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. మోటుపల్లి శాసనానికి అచ్చు ప్రతి తీయించి, నేటి తెలుగులో అర్థంతో నల్లగొండ దగ్గరి పానగల్లు మ్యూజియంలో ఉంచాలి, పక్కనే ఒక తేలియా రుమాలు పెట్టాలి. చందుపట్ల శాసనం దగ్గర మోటుపల్లి సంగతి తెలిపే ఫలకం వేయించాలి. రాతి నకలు తీయడానికి పొరుగు రాష్ట్రపు పురావస్తు శాఖ అనుమతి కావలసి వస్తుంది గనుక రెండు ప్రభుత్వాలూ ముందుగా మాట్లాడుకొని, వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఈ పని పూర్తి చేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లగొండ