అక్కకి, లండన్ నుంచి

అక్కా,

నేను థెరపీకి, అదే మాటలతో చేసే మనసు వైద్యానికి, వెళ్తున్న సంగతి బావ పక్కనుండగా ఫోన్‌లో అంతా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, నిద్ర కూడా పడుతోంది. అమ్మకి అంతవరకే చెప్పు.

"డబ్బులిచ్చి మరీ ఇంటి గొడవలు బయటవాళ్ళకి చెప్పుకోవడం ఏంటే" అన్నావు కదా. ముందు ఆ డబ్బుల సంగతే చెప్తాను. ఇక్కడ ప్రైవేటు థెరపిస్టులు నాకు చెప్పిన రేటు ఒక్కసారికి 60, 70 పౌండ్లు. వారం వారం అంటే నా జీతానికి కుదిరే పని కాదు. ప్రభుత్వం వాళ్ళది ఉచితం, డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, మనమే పేరు ఇచ్చుకోవచ్చు. పోయినేడాది అక్కడే సీబీటీ చేశాను, అంటే మన ఆలోచనల తీరుని పరీక్షించి మార్చుకునే థెరపీ. 9 ప్రశ్నల ఫారం నింపడం, ఏ ఆలోచన వచ్చింది, దానికి రుజువేంటి అని గళ్ళలో రాసుకోవడం. ట్యూషన్ హోంవర్కులా ఉన్నా పనిచేసింది, నిద్ర దారిలో పడింది. కానీ మేనేజరు "ఒకసారి మాట్లాడదాం" అంటే చాలు, కాళ్ళు చల్లబడటం మాత్రం పోలేదు.

ఇప్పుడు ఒక శిక్షణ సంస్థ క్లినిక్‌కి వెళ్తున్నాను. జీతాన్ని బట్టి ఫీజు, నాకు 15 పౌండ్లు వేశారు. అక్కడ నన్ను చూసే థెరపిస్టు ఇంకా నేర్చుకుంటున్న మనిషే, కాకపోతే జరిగిందంతా ఒక సీనియర్‌తో చర్చించి తీరాలి. పద్ధతి పేరు సైకోడైనమిక్, అంటే పాత అనుభవాలు ఇప్పటి మనసుని ఎలా నడిపిస్తున్నాయో చూడటం. రోగిని సోఫా మీద పడుకోబెట్టి మాట్లాడించిన ఫ్రాయిడ్ అనే డాక్టరు నుంచి వచ్చిందే అయినా మేం కూర్చునేది ఎదురెదురు కుర్చీల్లోనే. హోంవర్కు లేదు, ఫారం లేదు. నేను వెళ్ళి కూర్చుంటాను, ఆవిడ చూస్తూ ఉంటుంది. మొదట్లో ఒళ్ళు మండింది. ఇంత దూరం బస్సులో వచ్చింది ఈవిడ మౌనవ్రతం చూడ్డానికా అనిపించింది.

ఒకరోజు బస్సు లేటై కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. సారీ మీద సారీ చెప్పాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. కాసేపాగి, "నాకు కోపం వచ్చిందని ఎందుకనుకున్నారు?" అంది. నాన్న స్కూటర్ చప్పుడు వినగానే టీవీ కట్టేసి పుస్తకాలు తీసేవాళ్ళం చూడు, అదే గుర్తొచ్చింది. ఎప్పటిదో భయాన్ని ఎదురుగా ఉన్న మనిషి మీద పెట్టేస్తామట. అది ఆ గదిలోనే బయటపడితే ఇద్దరూ కలిసి చూడొచ్చట. గళ్ళ కాగితంలో నాకది ఎప్పుడూ దొరకలేదు.

అలాగని పూర్తిగా నమ్మకం కుదిరిందా అంటే లేదు. ఎన్నాళ్ళు పడుతుందో తేల్చి చెప్పదు. మనం వెళ్ళని వారానికీ డబ్బులు కట్టాలి. ఆగస్టంతా ఆవిడకి సెలవు! డిప్రెషన్‌కి రెండు పద్ధతులూ దాదాపు సమానంగానే పనిచేస్తాయని చదివాను, కాబట్టి ఇదే గొప్పదని వాదించను. క్రిస్మస్ దాకా చూస్తాను. అప్పటికీ కాళ్ళు చల్లబడుతుంటే మళ్ళీ సీబీటీకే పోతాను.

బావ "తెల్లోళ్ళ వ్యవహారం" అంటే చెప్పు, 1922లోనే గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో మనోవిశ్లేషణ (ఫ్రాయిడ్ పద్ధతి) సంఘం పెట్టాడు, ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు కూడా నడిపాడు. మన ఇంట్లోనేమో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెప్పి పిల్లల్ని బెదిరించేవాళ్ళం. చిన్నాడు పరీక్షల టెన్షన్‌తో తినట్లేదన్నావు, 14416కి చేయించు. టెలీ మానస్ అంటారు, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు నీతో పని. తమ్ముడు పుట్టినప్పుడు నన్ను భీమిలిలో అమ్మమ్మ దగ్గర ఎన్నాళ్ళు ఉంచారు? వేసవి సెలవులనే నాకు గుర్తు, కానీ అక్కడి బడికి వెళ్ళినట్టూ గుర్తుంది. రెండూ కలవట్లేదు. అమ్మని అడగకు, తప్పు పడుతున్నానని బాధపడుతుంది. నీకు గుర్తున్నంత వాట్సాప్‌లో వాయిస్ పెట్టు, సోమవారం లోపు.

నీ చెల్లి