కుండీ నిండిందని చెప్పడానికి సెన్సార్ కావాలా?

సంపాదకుడు గారికి,

మన నగరానికి స్మార్ట్ చెత్తకుండీలు వస్తున్నాయని పోయిన వారం జిల్లా పేజీలో వేశారు. చదివి ఊరుకుందామనుకున్నాను. నిన్న రైతుబజారుకు వెళ్లొచ్చాక ఊరుకోలేకపోయాను.

మూతకు సెన్సార్ ఉంటుందట. చెత్త ఎంత ఎత్తుకు వచ్చిందో అదే కొలిచి, సిమ్ ద్వారా కంట్రోల్ రూముకు కబురు పంపుతుందట. అప్పుడు బండి బయల్దేరుతుందట. అయ్యా, రైతుబజారు మలుపులో కుండీ పొద్దున పదింటికల్లా నిండిపోతుంది. ఆ సంగతి టీకొట్టు అతనికి తెలుసు, ఎదుటి బడి పిల్లలకు తెలుసు, ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారి బండి రోజూ అటే పోతుంది కాబట్టి ఆయనకూ తెలుసు. తెలియక కాదు కదా చెత్త ఎత్తనిది! ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: బండి షెడ్డులో ఉంది, డ్రైవరు సెలవులో ఉన్నాడు. సెన్సార్ ఫోన్ చేస్తే మాత్రం వేరే జవాబు చెబుతారా?

విదేశాల్లో ఇలాంటివి ఉన్నాయి కదా అంటారేమో. సియోల్‌లో సోలార్‌తో చెత్తను అదిమే కుండీలు పెట్టారు, నిజమే. రోడ్డు పక్క అలాంటి కుండీల్లో పడేవి ఎక్కువగా కాఫీ కప్పులు, కాగితాలు. నిండేదాకా ఆగినా నష్టం లేదు, డీజిల్ మిగులుతుంది. మన చెత్తలో సగం తడిదే. కాలీఫ్లవర్ ఆకులు, కుళ్లిన టమాటాలు, క్యారీబ్యాగులో మూటకట్టి విసిరిన సాంబారన్నం. కుండీలో పావు వంతే ఉన్నా సాయంత్రానికి కంపు మొదలవుతుంది. సెన్సార్ లెక్కలో అది ఇంకా ఖాళీ కుండీయే! అదే ఒక కొబ్బరి బొండాం మూతకు దగ్గరగా ఇరుక్కుంటే ఖాళీ కుండీ కూడా నిండినట్టే.

ఇలాంటి వేడుకలు చూడటం మనకు కొత్తా? 2021 అక్టోబరు 2న రాష్ట్రంలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలుపెట్టి ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచారు. మా వీధిలో ఆకుపచ్చ దాంట్లో ఇప్పుడు కరివేపాకు మొక్క పెరుగుతోంది, నీలం దాంట్లో బట్టలు నానుతున్నాయి. జనం తప్పు లేదనను. కానీ తడి, పొడి విడదీసి ఇచ్చినా ఆటోలో రెండూ కలిపి కుమ్మరిస్తుంటే ఎన్నాళ్లని విడదీస్తాం? దానికి చెత్త పన్ను ఒకటి. 2024లో కొత్త ప్రభుత్వం పన్ను ఎత్తేసింది, సంతోషం. చెత్త మాత్రం ఎత్తడం లేదు. హైదరాబాదులోనూ 2015లో ఇంటికి రెండేసి బుట్టలు పంచారు, ఆ తర్వాత వీధుల్లో కుండీలే ఉండవన్నారు. కుండీలు పోయిన చాలా చోట్ల కుప్పలు మిగిలాయి.

మా వీధి చివర 'ఇక్కడ చెత్త వేయరాదు' అని బోర్డు, దాని మీద సీసీ కెమెరా. కోతులు వైరు తెంపేశాయి. అతికించిన నాథుడు లేడు. ఇక సెన్సార్లను ఎవరు చూసుకుంటారు?

నిన్న ఆ మలుపులో కార్మికురాలు రెండు అట్టముక్కలు పట్టుకుని చెత్త ఎత్తుతోంది. గ్లౌజులేవమ్మా అంటే, చిరిగిపోయి చాలా రోజులైంది, కొత్తవి ఇవ్వలేదంది. పార కూడా లేదు. 2023 డిసెంబరు చివర్లో ఇలాంటివాళ్లే సమ్మెకు దిగితే రాష్ట్రంలో ఊళ్లెలా కంపుకొట్టాయో అప్పుడే మరిచిపోయామా? ఆమెకు గ్లౌజులకు డబ్బుల్లేవు గానీ ఏసీ గదిలో గోడంత టీవీ పెట్టి కుండీల బొమ్మలు చూడటానికి ఉన్నాయి.

మీ విలేకరిని పంపి కమిషనరు గారిని ఒక్క మాట అడిగించండి. కుండీ నిండిందని కబురు అందాక బండి ఎన్ని గంటల్లో రావాలి, రాకపోతే ఎవరి బిల్లులో కోత పడుతుంది? టెండరులో అది రాసి ఉంటే ఆ పేజీ మీ పేపర్లో అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు
(పేరు, వీధి వేయకండి. వేస్తే అడపాదడపా వచ్చే ఆటో కూడా మానేస్తుంది.)