మా ఇంటి మురుగునీళ్లు ఎవరివి సార్?

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్ గారికి నమస్కారం.

ఎంవీపీ కాలనీలో ఉంటాను సార్, చిన్న డౌటు, నవ్వకండి. మా బాత్రూం నీళ్లు గేటు దాటి యూజీడీ (భూగర్భ మురుగు) పైపులో పడ్డాక ఎవరి సొత్తు? ఎందుకంటే అది ఉత్త మురుగు కాదు, ఏ మందులు వాడుతున్నారో, గంజాయి తాగుతున్నారో, ఏ వైరస్ తిరుగుతోందో అన్నీ అందులో దొరుకుతాయి. 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు మురుగునీళ్లు టెస్ట్ చేసే కదా ఊళ్లో కరోనా ఎంతమందికో అంచనా వేసింది, మంచి పనే, కాదనను. ఊరి నీళ్లన్నీ కలిసే ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) దగ్గర శాంపిల్ తీస్తే ఎవరి పేరూ బయటపడదు. కానీ ఒక్క హాస్టల్ మ్యాన్‌హోల్ దగ్గరో, ఒక్క అపార్ట్‌మెంట్ దగ్గరో తీస్తే? మాది 12 ఫ్లాట్లే సార్, మూడో ఫ్లోర్ ఆయన షుగర్ మాత్ర మార్చినా ఇప్పటికే వాచ్‌మన్‌కి తెలిసిపోద్ది!

అమెరికా సుప్రీంకోర్టు 1988లో రోడ్డు పక్కన పెట్టిన చెత్తసంచిని పోలీసులు వారెంట్ లేకుండానే వెతకొచ్చంది. మన సుప్రీంకోర్టేమో 2017లో ప్రైవసీ ప్రాథమిక హక్కంది. చెత్తైతే కాగితాలు చింపి పడేస్తాం, ఫ్లష్ కొట్టకుండా ఉండలేం కదా. అందుకే శాంపిల్ ఎక్కడ, ఎందుకు తీస్తున్నారో వార్డు ఆఫీసులో బోర్డు పెట్టించండి, పోలీసులు ఆ రిపోర్ట్ అడిగితే కోర్టు ఆర్డర్ చూపించమనండి.

ఇట్లు,
పన్ను కట్టే ఓ ఎంవీపీ కాలనీ వాసి