యూకాన్ సాల్మన్ గురించి అలాస్కా గవర్నర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అలాస్కా గవర్నర్ గారికి,

నమస్కారం. ఈ లేఖ ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. అమెరికాలో మావాళ్ల పిల్లలు బడిలో తినే చేప ముక్కల్లోనూ, దారిలో ఆగి కొనుక్కునే చేప శాండ్‌విచ్‌లోనూ తరచుగా ఉండేది అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలో పట్టే పొలాక్ అనే చేప. ఆ వలల్లో పొలాక్‌తో పాటు సాల్మన్ కూడా పైకి వస్తోందని వాళ్లకూ తెలియాలి.

నేను గోదావరి లంకల్లో పుట్టినవాడిని. వరద ఎర్రనీరు సముద్రంలో కలవగానే ఇలస ఏటికి ఎదురెక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మా ఇళ్లలో సామెత. ధవళేశ్వరం దగ్గర దాని దారికి ఆనకట్ట అడ్డం. అలాంటి చోటు నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌కు వచ్చిన నాకు యూకాన్ నది ఒక ఆశ్చర్యం. మూడు వేల కిలోమీటర్లకు పైగా పారే ఆ నదికి అలాస్కాలో ఒక్క ఆనకట్టా లేదు. అక్కడ చేపకు దారంతా తెరిచే ఉంది. అయినా చేప రావడం లేదు.

2021 వేసవిలో యూకాన్‌కు వచ్చిన చమ్ అనే రకం సాల్మన్ లక్షన్నర దాకా మాత్రమే. మామూలు సంవత్సరాల్లో అవి 15 లక్షలు దాటేవి. చినూక్ అనే మరో రకం సాల్మన్ పరిస్థితి ఇంకా దారుణం. 2022లో కెనడా సరిహద్దు దాటి ఎగువకు వెళ్లినవి సుమారు 12 వేలు. నిలదొక్కుకోవడానికి దాటాల్సినవి 71 వేలని 2024 ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా ఒప్పుకున్నాయి. ఒక చినూక్ తరం పూర్తయ్యేలా ఏడేళ్ల పాటు ఆ చేపను పట్టకూడదని నిర్ణయించాయి. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు. దాని బరువు ఎవరి నెత్తిన పడిందన్నదే నా ప్రశ్న.

నది ముఖద్వారంలోని ఎమ్మోనాక్ మొదలుకొని ఎగువన ఫోర్ట్ యూకాన్ దాకా యూపిక్, అథబాస్కన్ ఆదివాసీ కుటుంబాలు వేసవిలో ఏటి ఒడ్డున విడిది వేసి, చేపను కోసి, ఎండబెట్టి, పొగపెట్టి చలికాలానికి దాచుకునేవి. బళ్లు లాగే కుక్కలకు మేత కూడా చమ్ చేపే. అవ్వ చేతి కత్తిని చూస్తూ మనవరాలు చేప కోయడం నేర్చుకునేది ఆ విడిదిలోనే. పొగగదిలో నిప్పు పెట్టకుండా వరుసగా వేసవులు గడిచిపోతే ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది? ఆ ఊళ్లలో చాలావాటికి రోడ్డు లేదు. దుకాణంలో మాంసం కొనాలంటే అది విమానంలో రావాలి, ధరా దానికి తగ్గట్టే ఉంటుంది.

సముద్రం వేడెక్కడమే ఈ క్షీణతకు పెద్ద కారణమని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. 2014–16లోనూ 2019లోనూ వచ్చిన ఉష్ణ తరంగాలు, చేపల్లో ప్రబలిన ఇక్తియోఫోనస్ వ్యాధి చేపల వేటను నియంత్రించే ఏ బోర్డు చేతిలోనూ లేవు. కానీ బోర్డుల చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. నదిలో చమ్, చినూక్ వేట మూతపడిన 2021లోనే పొలాక్ ట్రాలర్ల (పెద్ద వలలు ఈడ్చే ఓడల) వలల్లో ఐదు లక్షలకు పైగా చమ్ సాల్మన్ పడ్డాయి. జన్యు పరీక్షల ప్రకారం వాటిలో యూకాన్‌తో సహా పశ్చిమ అలాస్కా నదులవి పదో వంతు లోపే, మిగతావాటిలో ఎక్కువ ఆసియావి. ఆ పదో వంతే వేల చేపలు. అదే ఏడాది జూన్‌లో అలాస్కా ద్వీపకల్పం దక్షిణ తీరాన, ఏరియా ఎమ్ అనే చోట, 11 లక్షలకు పైగా చమ్ పట్టారు. అందులోనూ పశ్చిమ నదులకు వెళ్లాల్సిన చేప కలిసి ఉంది. ఎగువ ఊళ్లో ఇంటి కూరకు ఒక్క చమ్ పట్టినా నేరం అయిన వేసవి అది!

గవర్నర్ గారూ, సముద్రంలోని ఈ రెండు వేటల తాళపు చెవులూ మీ దగ్గరే ఉన్నాయి. ఏరియా ఎమ్ వేటను నియంత్రించే రాష్ట్ర మత్స్య బోర్డులోని ఏడుగురినీ నియమించేది మీరు, శాసనసభ ఆమోదిస్తుంది. సముద్రంలో పొలాక్ వేటను నియంత్రించే ఉత్తర పసిఫిక్ మండలిలో ఓటున్న పదకొండు స్థానాల్లో అలాస్కా తరఫున నియమించే ఐదింటికి పేర్లు పంపేదీ మీరే. ఆ మండలిలో ఆదివాసీ తెగలకంటూ కేటాయించిన ఓటు ఒక్కటీ లేదు. పరిశ్రమ నుంచి జీతం అందుకునే వ్యక్తి మాత్రం అక్కడ కూర్చుని ఓటు వేయడానికి ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది. నది మనిషి యాంకరేజ్‌కు విమానం ఎక్కి వచ్చి, మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడి, తిరిగి విమానం ఎక్కాలి. తన తిండి గురించిన నిర్ణయంలో అతని వాటా అంతే.

నివాస ప్రాంతంతో నిమిత్తం లేకుండా బోర్డు సభ్యులను నియమించాలని చట్టంలో ఉందని మీ సలహాదారులు అంటారు. నిజమే. అదే సెక్షన్, భిన్న ప్రయోజనాలకూ దృక్పథాలకూ చోటు దక్కేలా నియమించాలని కూడా చెబుతోంది. యూకాన్, కుస్కోక్విమ్ నదుల మీద చేపతోనే బతికే ఇద్దరిని బోర్డులోకి తీసుకోవడానికి చట్టం మార్చనక్కర్లేదు, మీ సంతకం, శాసనసభ ఆమోదం చాలు. ఉత్తర పసిఫిక్ మండలికి పంపే పేర్లలోనూ అలాంటివారు ఉండాలి.

మరొక మాట. బోర్డు ఒక్కొక్క ప్రాంతాన్ని మూడేళ్లకోసారి చర్చకు తీసుకుంటుంది. యూకాన్‌కు ఒక సమావేశం, ఏరియా ఎమ్‌కు వేరే సమావేశం. చేప మాత్రం ఒక్కటే, అది ఒకచోటు దాటుకుని రెండోచోటికి వస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఏరియా ఎమ్ మీద కఠినమైన ప్రతిపాదనను పక్కనపెట్టి బోర్డు మధ్యేమార్గంతో సరిపెట్టుకుంది. అప్పటికి నది వేటలు మూతపడే ఉన్నాయి. రెంటినీ ఒకే సమావేశంలో, ఒకే లెక్కల ముందు తేల్చమని బోర్డును కోరండి. నదిలో ఇంటి వేటకు తాళం పడిన ఏడాది, దారిలోని వ్యాపార వేటకు కూడా దానంతటదే పరిమితి బిగిసే నిబంధన తెమ్మనండి. ఏరియా ఎమ్ మత్స్యకారులూ అప్పులతో పడవ నడిపే కుటుంబాలే, వాళ్లకు నష్టం జరిగితే పరిహారం వెతకాల్సిందే. కానీ భారం మోసేవాళ్లు ఎప్పుడూ నది చివర ఉన్నవాళ్లే కావడం అన్యాయం.

ఈ రాష్ట్రం పుట్టుకలోనే ఈ చేప ఉంది. చేపలను డబ్బాల్లో నింపే బయటి క్యానరీలు నదీముఖాల దగ్గర ఉచ్చులు కట్టి సాల్మన్‌ను ఊడ్చుకుపోతుంటే, మా చేప మీద మాకే అధికారం కావాలని అలాస్కా ప్రజలు రాష్ట్ర హోదా కోసం పోరాడారు. 1959లో హోదా రాగానే ఆ ఉచ్చులను నిషేధించారు. చేపలూ నీళ్లూ ప్రజలందరి ఉమ్మడి వినియోగానికని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఎమ్మోనాక్ ప్రజలకు ఆ వాక్యం ఈరోజు ఎలా వినిపిస్తుందో ఒకసారి వాళ్ల ఊరికే వెళ్లి అడగండి.

బోర్డు సభ్యుల పదవీకాలాలు జూన్ 30న ముగుస్తాయి. తరువాత ఖాళీ అయ్యే స్థానానికి పేరు రాసే ముందు యూకాన్ గ్రామ మండళ్లను పేర్లు అడగండి. వాళ్లిచ్చిన జాబితాను ప్రజల ముందు పెట్టండి.

భవదీయుడు,
యాంకరేజ్‌లో స్థిరపడిన ఒక గోదావరి మనిషి