ఆసులు ఓడిన రాత్రి గురించి శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పోకర్ టేబుల్ మీద నీ చేతిలో ఆసుల జత, ఎదుటివాడి దగ్గర రాజుల జత, ఫ్లాప్ (మధ్యలో పరిచే ఐదు ముక్కల్లో మొదటి మూడు) పడకముందే ఇద్దరూ ఉన్నదంతా పెట్టేశారు, రివర్‌లో, అంటే చివరి ఐదో ముక్కగా, రాజు దిగింది. అంతవరకు బాధగానే ఉంది కానీ, చివర్లో "నా జాతకంలో పోకర్ రాసిలేదు" అన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. అందుకే ఫోన్‌లో కాకుండా తీరిగ్గా రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం. ఆసుల జతకీ రాజుల జతకీ పోటీ పడితే, ఐదు ముక్కలూ పరిచేసరికి ఆసులు గెలిచేది నూటికి సుమారు 82 సార్లు. మిగతా 18 దాదాపుగా రాజులవే. అంటే ఐదారుసార్లకు ఒకసారి నువ్వు ఓడటం మామూలే, అసలు ఎప్పుడూ ఓడకపోతేనే వింత. నువ్వో ఐదొందల డాలర్లు, అతనో ఐదొందలు పెట్టారనుకో, ఆ వెయ్యిలో సగటున నీ వాటా 820. ఇది ఒక్క రాత్రిలో కనిపించదు, ఏళ్ల తరబడి ఆడితేనే కనిపిస్తుంది.

నీకు అంత మండటానికి కారణం రివర్. చివరి ముక్క తిప్పేముందు మిగిలిన 44 ముక్కల్లో అతనికి పనికొచ్చే రాజులు రెండే. నూటికి ఐదు కూడా లేదు. కానీ డబ్బు అప్పుడు పెట్టలేదుగా! మొదట్లోనే పెట్టావు, అప్పుడు అతని అవకాశం 18. ఆ రాజు ఫ్లాప్‌లోనే వచ్చి ఉంటే నీకు ఇంత బాధ ఉండేది కాదు, పోయే డబ్బు మాత్రం అదే.

ఇంకోటి ఆలోచించు. ఇలా ఓడాలంటే ముందు నువ్వు పైచేయిగా ఉండాలి. చెత్త ముక్కలతో డబ్బు పెట్టేవాడికి ఇలాంటి కథలు తక్కువ. ఆట మెరుగయ్యే కొద్దీ ఇలాంటి దెబ్బలు ఎక్కువే తగులుతాయి. తక్కువ ముక్కలవాడు అప్పుడప్పుడూ గెలవబట్టే మళ్లీ వచ్చి కూర్చుంటాడు. వాడు రాకపోతే నీకు ఆటే లేదు.

2003లో లాస్ వేగాస్‌లో జరిగిన పోకర్ వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ గుర్తు చేసుకో. 839 మందితో మొదలై పది మంది మిగిలారు. ఫిల్ ఐవీ చేతిలో తొమ్మిదుల జత, క్రిస్ మనీమేకర్ చేతిలో ఆసు, రాణి. ఫ్లాప్‌లో రెండు రాణులు, ఒక ఆరు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, తొమ్మిది పడి ఐవీకి ఫుల్ హౌస్ (ఒక రకం మూడు, ఇంకో రకం రెండు) అయింది. అప్పుడు ఐవీ ఉన్నదంతా పెట్టి ఆల్ ఇన్ అన్నాడు, మనీమేకర్ దానికి సరిపడా పెట్టి కాల్ చేశాడు. మనీమేకర్‌ని కాపాడే ముక్కలు మూడు ఆసులు, మూడు ఆరులు, ఒక రాణి, మొత్తం ఏడు. రివర్‌లో ఆసు! ఐవీ పదోవాడిగా లేచి వెళ్లిపోయాడు. మనీమేకర్ 25 లక్షల డాలర్లు గెలిచాడు, అతన్ని చూసి ప్రపంచమంతా పోకర్ మీద పడింది. ఆ హ్యాండ్‌లో ఐవీ చేయగలిగింది ఇంకేముంది చెప్పు? తర్వాత కూడా అతను అలాగే ఆడాడు. వరల్డ్ సిరీస్‌లో ఈవెంట్ గెలిస్తే ఇచ్చే బ్రేస్‌లెట్లు ఇప్పుడతనికి 11, వాటిలో ఎక్కువ 2003 తర్వాత వచ్చినవే.

అలాగని ఓడిన ప్రతి హ్యాండూ దురదృష్టం కాదు. 2008 మెయిన్ ఈవెంట్‌లో మోటోయుకి మబుచి అనే ఆయన నాలుగు ఆసులు పట్టుకుని రాయల్ ఫ్లష్‌కి, అంటే పోకర్‌లో అన్నిటికంటే పెద్ద చేతికి, ఓడిపోయాడు. అది నిజంగా దురదృష్టం, ఆ ముక్కలు ఎవరూ పడేయరు. కానీ ఒక్క ముక్కే మిగిలినప్పుడు ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) కోసం పెద్ద పందేనికి కాల్ చేసి, రాకపోతే టైమ్ బాలేదనడం వేరు. అక్కడ వచ్చే అవకాశం ఐదింట ఒకటి. ఈ రెండిటినీ కలిపేస్తే ఆట ఎప్పటికీ బాగుపడదు.

నీ మెసేజ్‌లో నన్ను నిజంగా భయపెట్టింది తర్వాతి వాక్యం. ఆ హ్యాండ్ అయ్యాక మళ్లీ రెండుసార్లు చిప్స్ కొన్నావు. మొదటి ఐదొందలు పేకముక్క పట్టుకెళ్లింది, తర్వాతి వెయ్యి టిల్ట్, అంటే ఓడిన కోపంలో ఆడే ఆట, పట్టుకెళ్లింది. ముక్కలకి జ్ఞాపకం ఉండదురా. ఇందాక ఓడావు కాబట్టి ఇప్పుడు నీకు రావాలని వాటికేం లేదు. మీ డాలస్ పోకర్ రూముల్లో గంటకింత అని సీటుకి డబ్బు తీసుకుంటారు కాబట్టి లేవబుద్ధి కాదు, నాకు తెలుసు. అయినా లే. పార్కింగ్‌లో నాలుగు రౌండ్లు నడువు, నీళ్లు తాగు, ఇంకా ఒళ్లు మండుతుంటే ఇంటికి పో. ఎన్నిసార్లు చిప్స్ కొనాలో ఇంట్లోనే నిర్ణయించుకుని అంతే డబ్బు పట్టుకెళ్లు, కార్డు కార్లో వదిలెయ్. రాజులతో ఆడినవాడిని ఒక్క మాట కూడా అనకు. వాడి స్థానంలో ఉంటే నువ్వూ అదే చేసేవాడివి.

ఆ డబ్బు ఆట కోసం విడిగా పెట్టుకున్నదేనా? చెల్లెమ్మకి తెలుసా? తెలియకపోతే ఈ రాత్రే చెప్పు. అద్దె డబ్బుతో, అప్పు డబ్బుతో కూర్చున్నవాడికి 82, 18 లెక్కలు పనిచేయవు, భయమే ఆడుతుంది. అలాంటి రోజు వస్తే ఆట మానెయ్, నేను కూడా నీతో పాటే మానేస్తా, నిజంగా చెప్తున్నా.

అన్నట్టు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో ఆడేద్దామనుకోకు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం చేసింది.

ఆ రోజు హ్యాండ్లన్నీ గుర్తున్నంతవరకు రాసి పంపు. డబ్బు ఎప్పుడు మధ్యలోకి వెళ్లింది, అప్పుడు ఎవరు ముందున్నారు, అంతే చాలు, ఏ ముక్క పడిందో రాయకు. ఆదివారం ఫోన్‌లో కూర్చుని చూద్దాం. ముఖ్యంగా నువ్వు చివర్లో చెప్పిన ఆ జాకీల హ్యాండ్ నాకు అర్థం కాలేదు. టర్న్‌లో ఆసు పడ్డాక పందెం వేసింది నువ్వా, అతనా?

నీ
ప్రసాద్