మంత్రి గారూ, ఉద్దానం కొబ్బరి పీచుతో మా గాలి బాగుపడే దారి ఉంది

రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం. పైడిభీమవరం పారిశ్రామికవాడ మాకు దగ్గరే. పగలు అంతగా తెలియదు గానీ రాత్రి గాలి ఆగిందంటే ఘాటు వాసన ఇంట్లోకి వచ్చేస్తుంది. మా అమ్మకు ఆయాసం. అలాంటి రాత్రి ఆవిడ మంచం మీద కూర్చునే తెల్లవారుస్తుంది. ఫిర్యాదు చేస్తే మర్నాడు మధ్యాహ్నం ఎవరో వస్తారు. అప్పటికి వాసన ఉండదు.

ఫ్యాక్టరీలు మూసేయమనడం లేదు. మా ఊరి పిల్లలు అక్కడే పని చేస్తున్నారు. ఒక్క బయోఫిల్టర్, అంటే బాక్టీరియాతో గాలిని శుభ్రం చేసే పరుపు, పెట్టించి చూడమంటున్నాను.

మందుల తయారీలో వాడే టోలుయీన్ లాంటి ద్రావకాలు ఇట్టే ఆవిరైపోతాయి. మూత లేని మురుగునీటి ట్యాంకుల నుంచి కూడా లేస్తాయి. బొగ్గు ఫిల్టర్ పెడితే విషం గాలిలోంచి బొగ్గులోకి చేరుతుంది, అంతే. పల్చటి ఆవిరిని కాల్చాలంటే ఇంధనం ఖర్చు. సూడోమోనాస్ పుటిడా లాంటి బాక్టీరియాకు మాత్రం టోలుయీన్ తిండి. దాన్ని తిని కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మార్చేస్తుంది. కంపోస్టు, చెక్క ముక్కలు, కొబ్బరి పీచు కలిపి మీటరు ఎత్తున పరుపులా వేసి, తడి ఆరకుండా చూస్తూ, ఆవిరి కలిసిన గాలిని నెమ్మదిగా దాని గుండా పంపాలి. ఆ బాక్టీరియా ఈ పరుపులోనే బతుకుతుంది. గెత్తం కుప్ప మాగడం చూసిన రైతుకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. పీచు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, కొబ్బరి తోటల ఉద్దానంలోని కవిటి, సోంపేట మన జిల్లాలోనే ఉన్నాయి.

ఇది అన్నిటికీ మందు కాదు. పరుపు ఎండితే బాక్టీరియా చస్తుంది. క్లోరిన్ ఉన్న ద్రావకాలు దానికి అంత తేలిగ్గా లొంగవు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకైనట్టు ఒక్కసారిగా విషవాయువు వస్తే ఏ బయోఫిల్టరూ ఆపలేదు. కాబట్టి దీన్ని చూపించి ఏ యాజమాన్యమూ భద్రత ఖర్చు తగ్గించుకోకుండా చూడండి.

ఒక్క శుద్ధి ట్యాంకుకు మూత వేయించి, అక్కడ ఏడాది పాటు నడిపించండి. ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం మాకు దగ్గరే, అక్కడి విద్యార్థులను కలుపుకోండి. ఫిల్టర్‌లోకి వెళ్లే గాలిలో టోలుయీన్ ఎంత, బయటికొచ్చే గాలిలో ఎంత, ఆ లెక్క తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. టోలుయీన్ లాంటిదే మరో ఆవిరి బెంజీన్. గాలిలో అది ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచే ప్రమాణం ఉంది. మా ఊళ్లో ఎంత ఉందో కూడా కొలిపించండి.

కొలిచేది మాత్రం రాత్రి 11 దాటాక. పరికరం పెట్టుకోవడానికి మా డాబా ఇస్తాను, కరెంటు కూడా మాదే.

ఇట్లు,
రణస్థలం మండల వాసి